టెలిఫోను మార్గములు: పోటీయు, నియంత్రణమును

రాజబాట యెవరి సొత్తని యడిగినచో, అది ప్రజలందఱిదియు నని చిన్న బిడ్డయైనను చెప్పగలడు. బాటపై బండ్లు తోలువారు పలువు రుండవచ్చును. కిరాయి విషయమున వారిలో వారు పోటీపడవచ్చును. అందువలన ప్రయాణికునకు మేలే గాని కీడు లేదు. కాని బాటనే యొకడు తన దొడ్డిలో కలుపుకొని, తన బండి తప్ప వేఱొక బండి సాగరాదని శాసించినచో, పోటీ యను మాట యర్థశూన్యమగును. నేడు మన మాటలు, వార్తలు, వర్తకము, విద్య, బ్యాంకు సొమ్ము, ప్రభుత్వమునకు పంపుకొను దరఖాస్తులు సమస్తమును టెలిఫోను, ఇంటర్నెట్టు మార్గముల మీదనే నడచుచున్నవి. కావున ఈ మార్గము లెవరి చేతిలో నున్నవి, ఏ నియమములకు లోబడి యున్నవి యను ప్రశ్న కేవలము ఇంజనీర్లును న్యాయవాదులును తేల్చుకొనవలసినది గాదు. నెలనెలకును రీచార్జి సొమ్ము చెల్లించు ప్రతి గృహస్థుడును ఆలోచింపవలసిన ప్రశ్న యిది.

పూర్వరంగము

మన దేశమున టెలిఫోను మొదట ప్రైవేటు కంపెనీవారి వ్యాపారముగనే ప్రవేశించెను. 1882 లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఓరియంటల్ టెలిఫోను కంపెనీవారు ఎక్స్ఛేంజీలను తెఱచిరి. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము తంతి మార్గములను స్థాపించి నడుపు సర్వాధికారమును ప్రభుత్వమునకు దఖలుపఱచెను. ఇతరులు నడుపవలెనన్నచో ప్రభుత్వమువారి లైసెన్సు పొందవలెను. 1943 లో ఆ మూడు నగరముల టెలిఫోను వ్యవస్థలును ప్రభుత్వ పరమయ్యెను. స్వాతంత్ర్యానంతరము దాదాపు అర్ధ శతాబ్దము టెలిఫోను ప్రభుత్వశాఖగనే నడచెను.

ఆ కాలమున ప్రజలు పడిన యిక్కట్లు ఇంకను మఱపునకు రాలేదు. 1994 నాటి జాతీయ టెలికాము విధాన పత్రముననే, నూర్గురకు ఒక్క టెలిఫోనైనను లేదనియు, సుమారు 25 లక్షలమంది దరఖాస్తులు పెట్టుకొని వేచియున్నారనియు ప్రభుత్వమువా రొప్పుకొనిరి. టెలిఫోను కావలెనన్న వాడు ఏండ్ల తరబడి కాచుకొనవలసి యుండెను. తీగ చెడిపోయినచో దానిని బాగుచేయువాని దయకొఱకు కనిపెట్టుకొని యుండవలసి వచ్చెను. గుత్తాధిపత్యము ప్రభుత్వముదైనంత మాత్రమున ప్రజాహితకర మగునను వాదమును ఆ యనుభవము త్రోసిపుచ్చినది. గుత్తదారుడు తెల్లవాడైనను, నల్లవాడైనను, సర్కారువాడైనను, వేఱొకచోటికి పోలేని గిరాకీదారుని యెడల ఆతని నడవడి యొక్కటే.

పోటీ ప్రవేశము

1994 విధానము ప్రైవేటు కంపెనీలకు మరల ద్వారములు తెఱచెను. 1995 జూలై 31 వ తేదీన కలకత్తానుండి జ్యోతి బసుగారు ఢిల్లీయందున్న సుఖ్ రాంగారితో మొబైలు ఫోనులో మాటాడుటతో క్రొత్త యుగ మారంభమయ్యెను. అయిన నారంభదశలో మాట మిక్కిలి ఖరీదైనదిగా నుండెను. ఫోను చేసినవాడే కాక, వచ్చిన పిలుపు నందుకొనిన వాడును సొమ్ము చెల్లింపవలసి యుండెను. కంపెనీలు లైసెన్సులకొఱకు వేలములలో మోయలేని మొత్తములు పాడి, చెల్లింపలేక చేతులెత్తెను. ఇక టెలికాము శాఖవారో, లైసెన్సు లిచ్చువారు తామే, నియమములు చేయువారు తామే, వ్యాపారమున పోటీదారును తామే! చదరంగమున నొక పక్షమున కూర్చుండి యాడువాడే తీర్పరియైన, రెండవవానికి న్యాయ మెట్లు జరుగును?

ఈ యసందర్భమును తొలగించుటకై 1997 లో భారత టెలికాము నియంత్రణ సంస్థ యగు ట్రాయ్ చట్టపూర్వకముగ స్థాపింపబడెను. 1999 విధానము స్థిరమైన లైసెన్సు రుసుమునకు బదులుగ కంపెనీల రాబడిలో భాగము పుచ్చుకొను పద్ధతిని ప్రవేశపెట్టెను. 2000 లో చట్టమును సవరించి, వివాదముల తీర్పునకు ప్రత్యేక ట్రిబ్యునలు నేర్పఱచిరి. అదే సంవత్సరము అక్టోబరు 1 వ తేదీన ప్రభుత్వ టెలిఫోను వ్యాపారము బి.యస్.యన్.ఎల్. అను సంస్థకు అప్పగింపబడెను. ఫలితము శీఘ్రముగనే కానవచ్చెను. 2003 మే నెలనుండి వచ్చిన పిలుపునకు రుసుము తొలగెను. 2009 నాటికి సెకనునకు ఒక పైసా చొప్పున మాటాడుకొను స్థితి వచ్చెను. పొలమున పనిచేయు కూలీయు, రేవున వల లాగు పల్లెకారుడును ఫోను చేతబట్టిరి. ఇది పోటీవలన గలిగిన మే లనుటకు సందేహము లేదు. అయితే ఆ పోటీ తనంత తాను పుట్టినది కాదు. నియమములే దానిని పుట్టించి, పెంచి, కాపాడినవి. ఈ సంగతిని పలువురు గుర్తింపరు.

సంధానమే ప్రాణము

టెలిఫోను వ్యాపారమునకును తక్కిన వ్యాపారములకును ఒక ముఖ్య భేదము గలదు. ఒక అంగడిలో బియ్యము కొనువానికి ప్రక్క యంగడితో పనిలేదు. టెలిఫోను విషయ మట్లు గాదు. నా ఫోను విలువ దానినుండి నే నెందఱితో మాటాడగలను అనుదానిమీద నాధారపడి యున్నది. పదికోట్ల చందాదారులు గల కంపెనీ, క్రొత్తగ వచ్చిన లక్ష చందాదారుల కంపెనీతో తన మార్గమును కలుపనని మొండికెత్తినచో, క్రొత్తదాని గతి యేమి? దాని సరకు మంచిదైనను, ధర తక్కువైనను, కొనువాడుండడు. కావున ఒక కంపెనీ మార్గమును వేఱొక కంపెనీ మార్గముతో న్యాయమైన షరతులపై కలుపవలె నను నిబంధనయే టెలిఫోను పోటీకి ప్రాణము.

ఇందులో ధర ప్రశ్నయు గలదు. పిలుపును తుదకు చేర్చిన కంపెనీకి, పంపిన కంపెనీ కొంత చెల్లించును. ప్రతి కంపెనీయు తన చందాదారుల విషయమున గుత్తదారే. వారిని చేరుటకు వేఱు దారి లేదు. దానిని తన యిష్టమునకు విడిచినచో తోచినంత గుంజును. అందుచే ట్రాయ్‌వారు ఈ రుసుమును తామే నిర్ణయించి, క్రమక్రమముగ తగ్గించిరి. 2009 లో నిమిషమునకు 20 పైసలుగ నున్నది, 2015 లో 14 పైసలకును, 2017 అక్టోబరులో 6 పైసలకును దిగి, 2021 జనవరినుండి మొబైలు పిలుపుల విషయమున పూర్తిగ రద్దయినది. అట్లే, నంబరు మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను హక్కు 2011 జనవరినుండి దేశమంతటను అమలులోనికి వచ్చెను. చందాదారుని తన నంబరుతో కట్టివేసిన గొలుసు నాటితో తెగినది.

అయితే నియమము వ్రాసినంతమాత్రమున చాలదు; దానిని నడపించు బలము కావలెను. 2016 సెప్టెంబరులో జియో కంపెనీ రంగమున ప్రవేశించినప్పుడు, పాత కంపెనీలు చాలినన్ని సంధానములు ఇచ్చుట లేదని అది ఫిర్యాదు చేసెను. ఉచితపు పిలుపులు వఱదవలె వచ్చిపడినవనియు, సంధానములు కల్పించుటకు తమకు గడువున్నదనియు పాత కంపెనీలు సమాధానము చెప్పెను. నడుమ నష్టపడినవారు, కోట్లకొలది పిలుపులు చేరక విసిగిన ప్రజలు. ట్రాయ్‌వారు విచారించి, ఎయిర్‌టెల్, వోడాఫోన్, ఐడియా కంపెనీలపై మొత్తము 3,050 కోట్ల రూపాయల దండనను ప్రభుత్వమునకు సిఫారసు చేసిరి. అవును, సిఫారసే! తామే విధించు నధికారము వారికి లేదు. టెలికాము శాఖనుండి చెల్లింపు నోటీసులు వెలువడుసరికి 2021 వచ్చినది. అయిదేండ్లలో రంగమున ఎవరు మిగిలిరో, ఎవరు పోయిరో అంతయు తేలిపోయినది. పైరు ఎండిన పిమ్మట కాలువకు నీరు విడిచినట్లు, ఇట్టి దండనవలన ప్రయోజన మేమి?

నేటి స్థితి

2010 ప్రాంతమున మన దేశమున మొబైలు కంపెనీలు డజనుకు మించి యుండెను. ఇప్పుడు జియో, ఎయిర్‌టెల్, వోడాఫోన్ ఐడియా యను మూడు ప్రైవేటు కంపెనీలును, ప్రభుత్వరంగ సంస్థయును మాత్రమే మిగిలినవి. చందాదారులలో నూటికి తొంబదిమందికి పైగా ఆ మూడింటి చేతిలోనే యున్నారు. తక్కినవి యేమయ్యెను? 2008 లో విచక్షణ లేక పంచిపెట్టిన లైసెన్సులలో 122 ను 2012 ఫిబ్రవరి 2 వ తేదీన సుప్రీము కోర్టువారు కొట్టివేసిరి. పిమ్మట స్పెక్ట్రమును వేలములలో అధిక ధరలకు కొనుటచే కంపెనీలు అప్పులపాలయ్యెను. 2016 తరువాతి ధరల యుద్ధమున బలహీనములైనవి నేలగూలెను. 2018 లో ఎయిర్‌సెల్ దివాలా తీసెను. అదే సంవత్సరము వోడాఫోన్, ఐడియాలు ఒక్కటయ్యెను. 2019 లో టాటావారి మొబైలు వ్యాపారము ఎయిర్‌టెల్‌లో కలిసిపోయెను. రాబడిలో ప్రభుత్వ భాగమును టెలిఫోనేతరమగు నాదాయముపై గూడ లెక్కింపవలెనని 2019 అక్టోబరు 24 వ తేదీన సుప్రీము కోర్టువా రిచ్చిన తీర్పు, మిగిలినవానిపై గూడ పెద్ద భారమును మోపెను.

ధరలు తగ్గినప్పుడు ప్రజలు సంతోషించిరి. సంతోషింపవలసినదే. కాని అతిచౌక ధర రెండు విధములుగ నుండును. మంచి యంత్రమువలనను, మంచి నిర్వాహమువలనను వచ్చిన చౌక యొకటి. ప్రక్కవానిని పడగొట్టుటకై కొంతకాలము నష్టమునకు అమ్మిన చౌక మఱియొకటి. వీని రెండింటిని వేఱుచేసి చూచుటయే నియంత్రణ సంస్థ విధి. 2018 ఫిబ్రవరిలో ట్రాయ్‌వారు ఇట్టి వినాశకరమగు ధరలను నిర్వచించుచు నొక యుత్తరువు చేసిరి. ఆ నిర్వచనము కుదురలేదని డిసెంబరులో ట్రిబ్యునలువారు దానిని రద్దుచేసిరి. వాదప్రతివాదములు ముగియునప్పటికి బరిలో మల్లులు కొలదిమందియే మిగిలిరి.

2024 జూలై మొదటి వారమున మూడు ప్రైవేటు కంపెనీలును దాదాపొకేమాఱు రీచార్జి ధరలను హెచ్చించెను. వారు రహస్యముగ కూడబలికిరని మే మనుట లేదు. ముగ్గురే వర్తకు లున్న సంతలో కూడబలుకుకొన నవసరమే లేదు. ఒకడు ధర పెంచినచో తక్కిన యిద్దఱు వాని ముఖము చూచి తామును పెంతురు. కొనువాడు నాలుగవ యంగడికి పోదమన్న, ఆ నాలుగవది ప్రభుత్వ సంస్థ. దాని టవర్లు పలుచోట్ల చాలవు. ఇంటర్నెట్టు నెఱుగని, చిన్న ఫోనులో మాట మాత్రమే మాటాడు ముదుసలి గూడ డేటాకు కలిపి సొమ్ము చెల్లింపవలసిన స్థితి యేర్పడెను. 2024 డిసెంబరులో ట్రాయ్‌వారు, మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు ప్రత్యేక ప్యాకులను విధిగ ఉంచవలెనని శాసించిరి. సంస్థవారు పూనుకొన్నచో ప్రజలకు మేలు చేయగలరనుట కిది తార్కాణము.

ఇందు మఱియొక విచిత్రము గలదు. వోడాఫోన్ ఐడియా తన బాకీలను తీర్చలేక, వానిని వాటాలుగ మార్చి ప్రభుత్వమునకు ఒప్పగించెను. 2025 ఏప్రిలునాటి మార్పుతో ఆ కంపెనీలో దాదాపు నూటికి 49 వాటాలు ప్రభుత్వమువారివే యైనవి. అనగా నేడు ప్రభుత్వము లైసెన్సుల నిచ్చునది, రుసుములు వసూలుచేయునది, బి.యస్.యన్.ఎల్. యజమాని, ఒక ప్రైవేటు కంపెనీలో పెద్ద వాటాదారు. 1997 లో ఏ సందిగ్ధమును తొలగించుటకై నియంత్రణ సంస్థను స్థాపించిరో, ఆ సందిగ్ధము రెట్టింపై తిరిగివచ్చినది. కావుననే ఆ సంస్థ స్వాతంత్ర్యము మునుపటికన్న నేడెక్కు వవసరము.

ఇంటి గుమ్మమునకు వచ్చు తీగ

మొబైలు సంగతి యిట్లుండగా, ఇంటికి వచ్చు బ్రాడ్‌బ్యాండు సంగతి మఱియు క్లిష్టమైనది. ఒక వీధిలో నలుగురు నాలుగుమాఱులు గోతులు త్రవ్వి నాలుగు తీగలు వేయుట ధనవ్యయమే గాక, వీధివారికి ప్రాణసంకటము. కావున మొదట తీగ వేసినవాడే ఆ వీధికి రాజగును. దీనికి ప్రతిక్రియ యేమి? తీగ యొక్కటే యైనను, దానిపై పలువురు సేవ నమ్ముకొనుటకు న్యాయమైన కిరాయికి అవకాశ మిచ్చుటయే. 2004 లో ట్రాయ్‌వారు సరిగ నిదే చెప్పిరి. ప్రభుత్వ సంస్థకు గల రాగితీగలను ఇతర కంపెనీలకును కిరాయికి విడువవలెనని సిఫారసు చేసిరి. కాని ఆ సంవత్సరపు బ్రాడ్‌బ్యాండు విధానము దానిని విధిగ చేయక, పరస్పరపు ఒడంబడికకు విడిచెను. తీగ గలవాడు ఒడంబడికకు రానేల? ఆ సిఫారసు కాగితములందే నిలిచిపోయెను. నాడు సెకనునకు 256 కిలోబిట్ల వేగమునే బ్రాడ్‌బ్యాండని పిలిచితిమి. దానిని 2 మెగాబిట్లకు పెంచుటకు 2023 జనవరి కావలసివచ్చెను.

అమెరికావారి చరిత్రయు నిదే పాఠమును చెప్పుచున్నది. ఏ.టి. అండ్ టి. కంపెనీ 1913 లో ప్రభుత్వముతో రాజీపడి, స్వతంత్ర కంపెనీలకు తన దూరపు మార్గములతో సంధాన మిచ్చుట కంగీకరించెను. అయినను దాని గుత్తాధిపత్యము తగ్గలేదు. 1984 జనవరి 1 వ తేదీన ఆ మహాసంస్థను ఖండములుగ విడదీయవలసి వచ్చెను. 1996 చట్టము పాత కంపెనీల తీగలను పోటీదారులకు కిరాయికి తెఱపించెను. 2003 తరువాత క్రొత్త ఫైబరు మార్గముల విషయమున ఆ నిబంధనలను సడలించిరి. నేడచ్చట పలు ప్రాంతములలో గృహస్థునకు వేగముగల బ్రాడ్‌బ్యాండునకై ఒకటి రెండు కంపెనీలకన్న నెక్కువ యెంపిక లేదు. ధనవంతమగు దేశముననే యిట్లున్నప్పుడు, మన పల్లెల గతి నూహించుకొనవచ్చును.

తెలుగు నాడులయందు ఈ విషయమున చెప్పుకొనదగిన ప్రయత్నములు జరిగినవి. ఆంధ్రప్రదేశమున ఫైబర్‌నెట్ సంస్థవారు కరెంటు స్తంభములమీదుగ తీగలు లాగి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇత్తుమని పూనుకొనిరి. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు దానిని ప్రారంభించిరి. తెలంగాణమున మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములందే ఫైబరు గొట్టములను గూడ వేసి, టి-ఫైబర్ పేర పల్లెలకు కొనిపోవ దలచిరి. ఇక కేంద్ర ప్రభుత్వమువారు 2011 లో రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు ఫైబరు చేర్ప నిశ్చయించి, గడువులు పలుమాఱులు దాటిన పిమ్మట, 2023 లో 1,39,579 కోట్ల రూపాయలతో భారత్‌నెట్ పథకమును సవరించిరి. ఇందు కయిన మొత్తములో పెద్ద భాగము కంపెనీల రాబడినుండి నూటికి అయిదువంతున తీసిన నిధిలోనిది. కంపెనీ కట్టిన సొమ్ము తుదకు చందాదారుని జేబులోనిదే గదా!

అట్లు ప్రజాధనముతో వేసిన తీగ పంచాయతీ గుమ్మమువఱకు వచ్చి, అచ్చట దీపములేని పెట్టెలో నిద్రించుట యెంత విచారకరము! పంచాయతీ కార్యాలయమునుండి ఇల్లిల్లునకు దానిని కొనిపోవువాడు కావలెను. ఆ పని మన యూళ్లలో కేబులు టీవీ నడుపు చిన్న వర్తకుడు చేయగలడు, సహకార సంఘము చేయగలదు, పెద్ద కంపెనీయు చేయగలదు. ముగ్గురకును ఒకే కిరాయి, ఒకే షరతు లుండవలెను. ప్రజల సొమ్ముతో వేసిన మార్గమును ఒక్కనికే గుత్త కిచ్చినచో, ప్రభుత్వ గుత్తాధిపత్యమును తొలగించి ప్రైవేటు గుత్తాధిపత్యమును ప్రజల ఖర్చుతోనే ప్రతిష్ఠించినట్లగును.

కర్తవ్యము

మార్గములు వేయుటకు అపారమగు ధనము కావలెననియు, పోటీదారులు మితిమీరినచో ఎవ్వరికిని లాభములేక మార్గముల అభివృద్ధియే నిలిచిపోవుననియు కంపెనీలవారు వాదించుచున్నారు. ఇందు సత్యము లేకపోలేదు. డజను కంపెనీల కాలమున అదియే జరిగినది. కాని దీనికి మందు, ప్రజలను ముగ్గురి చేతిలో విడిచిపెట్టుట గాదు. నేలలోని గొట్టము, నేలపై స్తంభము, టవరు—ఇవి పంచుకొనదగినవి. టవర్లను కంపెనీలు ఇప్పుడే పంచుకొనుచున్నవి, అందువలన నెవ్వరును చెడలేదు. ఖర్చు గల చోట పంపకము, సేవ గల చోట పోటీ: ఇదియే సూత్రము.

కావున మా యభిప్రాయము స్పష్టముగ చెప్పుచున్నాము. ప్రజాధనముతోను, ప్రజల నేలమీదను వేసిన ఫైబరు మార్గము లన్నింటిని సమానమగు కిరాయికి అందఱికిని తెఱచియుంచుటకు కట్టుదిట్టమగు నిబంధన కావలెను. నియంత్రణ సంస్థకు సిఫారసు చేయు నోరే గాక, శీఘ్రముగ దండించు చేయియు నుండవలెను; ఆ దండనపై న్యాయవిచారణకు ట్రిబ్యునలు ఉండనే యున్నది. బి.యస్.యన్.ఎల్. ను నీరసింపనీయరాదు. లాభమునకు పనికిరాని కొండపల్లెకు పోవలసినప్పుడును, మువ్వురు వర్తకులు ధర పెంచినప్పుడును, ప్రజలకు దిక్కుగ నిలువదగిన సంస్థ యది. దానికిచ్చిన ధనమునకు లెక్క అడుగుట యెంత యవసరమో, దానిని బ్రతికించుటయు నంత యవసరము.

తుదకు ప్రజలమాట. 1885 చట్టమునకు బదులుగ 2023 లో క్రొత్త టెలికాము చట్టము చేయబడి, 2024 జూనునుండి క్రమముగ అమలులోనికి వచ్చుచున్నది. దానిక్రింద నియమము లొక్కొక్కటిగ రూపొందుచున్నవి. ట్రాయ్‌వారు నిర్ణయములకు ముందు చర్చాపత్రములు ప్రకటించి అభిప్రాయములు కోరుదురు. ఆ పత్రములు సాధారణముగ ఆంగ్లముననే వెలువడుటచే, వానికి ప్రత్యుత్తరము వ్రాయువారు కంపెనీల ఉద్యోగులును న్యాయవాదులునే. అయినను ప్రజలు తలచుకొన్నచో ఏమి చేయగలరో 2016 ఫిబ్రవరి 8 వ తేదీ నిరూపించినది. కొన్ని వెబ్‌సైట్లను ఉచితముగ నిచ్చి, తక్కినవానిని వేఱుచేయు పద్ధతికి వ్యతిరేకముగ లక్షలకొలది లేఖలు రాగా, ఇంటర్నెట్టున సైటును బట్టి వేఱువేఱు ధరలు విధింపరాదని నా డుత్తరువైనది. ఈ చర్చాపత్రములు తెలుగునను ప్రకటింపబడవలెను. వినియోగదారుల సంఘములు, పంచాయతీలు, కేబులు వర్తకుల సంఘములు వానిని చదివి తమ కష్టసుఖములను వ్రాసి పంపవలెను. మనము నోరు మెదపకున్నచో మన తరపున మాటాడువారు కంపెనీలవారే. వారు తమ మాటయే మాటాడుదురు గాని మన మాట మాటాడరు.